బోనెక్కిన అత్తగారు

మా కింది ఫ్లాటులోకి కొత్తగా అద్దెకు దిగిన ఆవిడ పోయిన నెలలో ఒక ఉదయం మా తలుపు కొట్టారు. గ్యాస్ అయిపోయిందనీ, సిలిండర్ మనిషి సాయంత్రానికి గానీ రాడనీ, అందాకా ఈ పాలు కాస్త కాచి ఇస్తారా అనీ అడిగారు. గిన్నె అందుకోబోయినదాన్ని ఆ గొంతు విని ఆగిపోయాను. మొహం నాకు తెలియలేదు. ఒళ్లు చేసి, జుట్టుకు రంగు వేయడం మానేసి, మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి. గొంతు మాత్రం ఒకప్పుడు టీవీలో విన్న హైమవతిదే. "మీరు టీవీలో లాయరు వేషం వేసిన సుగుణగారు కదండీ?" అన్నాను. ఆవిడ తెల్లబోయారు. "అమ్మో, అది గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారా! మా ఆయనే మర్చిపోయారు" అని నవ్వారు. నేను స్టవ్ వెలిగించి ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగి సగం నేలపాలయ్యాయి. మా ఇంట్లో పాలు కలిపి పంపించాను. ఆవిడతో మాట్లాడాల్సిన అసలు మాట మాత్రం ఆ రోజు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సీరియల్ మహా అయితే ఓ నెలన్నర వచ్చిందేమో. ఇప్పటి సీరియళ్లలో అత్తగారు కాఫీ కప్పు కింద పెట్టడానికి పట్టేంత కాలం. కానీ నా చదువు దాని మీద ఆధారపడి ఉండేది. చెబితే నవ్వుతారని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో సరదాకి వేసిన పందెం నాకు మాత్రం సరదా కాలేదు.

నాన్న ఉయ్యూరు దగ్గర చెరకు వేసేవారు. డిగ్రీ చదవడానికి నన్ను తెచ్చి బెజవాడ గవర్నర్‌పేటలో వకీలుగా ఉన్న పెదనాన్న ఇంట్లో పెట్టారు. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో ఉయ్యూరు గాలంతా తియ్యగా, కొంచెం మాడు వాసనగా ఉండేది. పెదనాన్న ఇంట్లో అడుగుపెడితే కాఫీ డికాక్షను, జిగురు సీసా, నల్లకోటున్న బీరువాలోంచి కలరా ఉండలు, మూడు వాసనలూ కలిసి కొట్టేవి. వీధి గది ఆయన ఆఫీసు. పొద్దున్నే మైలవరం నుంచీ, ఉయ్యూరు నుంచీ బస్సులు దిగి వచ్చినవాళ్లు దస్తావేజులున్న సంచులు ఒళ్లో పెట్టుకుని బెంచీల మీద కూర్చునేవారు. ఆ గదికీ, ఇంట్లో మిగతా భాగానికీ మధ్య ఒక ఆకుపచ్చ తెర. కాఫీ కలిపి నేను తెర దాకా తీసుకెళ్లాలి, అక్కణ్ణుంచి గుమాస్తా అందుకోవాలి. క్లయింట్లు ఉన్నంతసేపూ ఆడవాళ్లు తెర దాటకూడదని ఎవరూ నాతో అనలేదు. ఎవరూ దాటగా నేను చూడలేదు కూడా. కాఫీలు అందించాక ఖాళీ ట్రే పట్టుకుని అక్కడే నిలబడి పెదనాన్న డిక్టేట్ చేసే మాటలు వినేదాన్ని. వాది, ప్రతివాది, ఇంజంక్షను, వకాల్తా. కాలేజీలో చెప్పిన ఎకనామిక్స్ ఒక్క ముక్క ఇప్పుడు గుర్తులేదు గానీ, కాలవ గట్టు హద్దు కోసం అన్నదమ్ములిద్దరు వేసుకున్న దావా ఒకటి మొత్తం అప్పజెప్పగలను. అక్కడ నిలబడే నేను లా చదవాలని తీర్మానించుకున్నాను.

పెదనాన్న కోపిష్టి కారు. నన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. మధ్యాహ్నం భోజనానికి వస్తే ముందు "పద్మ తిన్నదా?" అని అడిగేవారు. దొండకాయ వేపుడు నాకిష్టమని తన కంచంలోది కూడా నా వైపు తోసేవారు. అలాంటి మనిషి మీద అలగడం ఎలాగో నాకు తెలిసేది కాదు. లా కాలేజీ మాట ఎత్తినప్పుడల్లా ఆయన "చూద్దాంలేమ్మా" అనేవారు. వద్దనరు. వద్దంటే ఏడవొచ్చు, అన్నం మానేయొచ్చు, ఉయ్యూరు పారిపోయి నాన్నను పట్టుకోవచ్చు. చూద్దామన్న మనిషితో ఏమని పోట్లాడతాం? నాన్నను అడిగితే ఆయనదీ ఒకటే మాట, "అన్నయ్య ఎట్టా చెబితే అట్టానే." నన్ను ఎవరూ గదిలో పెట్టి గడియ వేయలేదు. అయినా ఆ తెర దగ్గర నిలబడ్డప్పుడు ముందుకు పోవడానికీ లేదు, వెనక్కి రావడానికీ మనసు ఒప్పదు. 

పెద్దమ్మ సంగతి వేరు. ఆవిడకు చదువు తక్కువ, చదివే పిచ్చి ఎక్కువ. వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలల కాగితాలు చింపి, వరసగా పేర్చి, గోనె కుట్టే దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేది. వాటిలో అన్నిటికంటే నలిగిపోయింది 'హైమవతి వకాల్తా'. తండ్రి లేని పిల్ల హైమవతి లా చదివి, పాలివాళ్లు కాజేసిన తల్లి పొలాన్ని కోర్టులో గెలిచి తెస్తుంది. ఆఖర్న తన చేతిలో ఓడిపోయిన కుర్ర లాయర్నే పెళ్లి చేసుకుంటుంది. అక్కడితో నవల అయిపోతుంది. ఆ పుస్తకం మా వీధిలో తిరగని ఇల్లు లేదు. పక్కింటి బట్టల కొట్టు కరీం సాహెబ్ గారి భార్య బీబీగారు దాన్ని తీసుకెళ్లి, తెలుగు చదవడం రాక, కూతురి చేత పైకి చదివించుకుని వినేవారు. పెళ్లయ్యాక హైమవతి కోర్టుకు వెళ్లిందా, మానేసిందా అని వీళ్లిద్దరికీ పెద్ద తగువు. "మానేసుద్దా ఎక్కడన్నా? అంత చదువుకున్న పిల్ల" అని పెద్దమ్మ. "కాపురం ఉంది కదా వదినా" అని బీబీగారు.

ఆ తగువు తీర్చడానికే అన్నట్టు టీవీలో ఆ కథకు తర్వాతి భాగం ఆదివారాలు వేస్తారని తెలిసింది. నవల అయిపోయిన చోట సీరియల్ మొదలవుతుంది. హైమవతి అత్తారింటికి వచ్చింది, అక్కడ భర్త పోయిన తోటికోడలికి ఆస్తిలో చిల్లిగవ్వ రాకుండా అత్తగారు అడ్డుపడుతోంది, ఆ తోటికోడలి తరఫున హైమవతి సొంత అత్తగారి మీదే వకాల్తా పుచ్చుకుంటుంది. మొదటి ఆదివారం మా నడిమింట్లో ఇసకేస్తే రాలనంత జనం. ఆఫీసు గదిలో క్లయింట్లను కూడా పెదనాన్న లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. తెర పక్కకు లాగి కట్టేశారు, అందరూ టీవీ చూడాలి గనక. నల్లకోటు తొడుక్కుని సుగుణగారు మొదటిసారి కనిపించినప్పుడు పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. సీరియల్ అయ్యాక అందరూ లేవబోతుంటే ధైర్యం చేసి పెదనాన్నను అడిగేసింది. "మన పద్మ కూడా లా చదువుతానని ఎన్నాళ్ల నించో అడుగుతోంది. ఏదో ఒకటి చెప్పకూడదూ?"

పెదనాన్న పెద్దగా నవ్వారు. "సరే. ఆ హైమవతిని అత్తగారి మీద కేసు గెలవనీ, గెలిచి ఆ ఇంట్లోనే కాపురం చేయనీ. ఆ మర్నాడే పద్మని నేను దగ్గరుండి కాలేజీలో చేరుస్తా. ఇంతమంది ముందు చెబుతున్నా" అన్నారు. "మాట తప్పకూడదు సుమండీ" అంది పెద్దమ్మ. "లాయర్ గారు మాట తప్పుతారా అమ్మా" అని కరీం సాహెబ్ గారు చప్పట్లు కొట్టారు. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు. మొదటిసారి "చూద్దాం" కాకుండా ఆయన నోట ఇంకో మాట వచ్చింది కదా అని నాకు సంబరం. గెలవకపోతే అన్న ఆలోచనే నాకు రాలేదు. కథానాయిక ఓడిపోవడం అప్పటిదాకా నేను చదివిన ఏ నవల్లోనూ లేదు.

ఆ ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పలేను. శనివారం నుంచే నాకు అన్నం సయించేది కాదు. కరెంటు పోతుందేమోనని భయం, యాంటెనా తిరుగుతుందేమోనని భయం. సీరియల్ నడుస్తున్నంతసేపూ పెదనాన్న కుర్చీలో వెనక్కి వాలి వ్యాఖ్యానం చేస్తూనే ఉండేవారు. "సివిల్ కోర్టులో అట్టా అరిస్తే జడ్జి బయటికి పంపుతాడే." "సొంత అత్తగారి మీద వకాల్తా ఏంటే, ఎదటి ప్లీడరు నిద్రపోతున్నాడా?" ఆయన అభ్యంతరం చెప్పినప్పుడల్లా నా గుండె జారిపోయేది. పెద్దమ్మ మాత్రం "మీ కోర్టు కాదుగా అది, మీరు ఊరుకోండి" అని కసిరేది. ఆ గంటలో తప్ప ఆవిడ ఆయన్ని కసరగా నేను ఎప్పుడూ వినలేదు. ఈలోపు లా కాలేజీలో దరఖాస్తుల గడువు దగ్గరపడుతోంది. మైలవరం నుంచి ఒక సంబంధం కూడా వచ్చింది. మామిడి తోటలు, ఎరువుల కొట్టు, ఒక్కడే కొడుకు. ఆ కబురు తెచ్చినాయనకు పెదనాన్న నవ్వుతూ, "మా ఇంట్లో ఒక కేసు నడుస్తోందండీ, అది తేలాక కబురు చేస్తాను" అన్నారు. నేను తెర వెనక నిలబడి ఆ మాట విని ఆయనకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

చివరగా వచ్చిన భాగంలో అత్తగారు సాక్ష్యానికి బోనెక్కింది. పట్టుచీరె, చేతినిండా గాజులు, మొహంలో కోపం. హైమవతి లేచి, కోటు సర్దుకుని, బోను దగ్గరకు నడిచింది. ప్రశ్న అడగడానికి నోరు తెరిచింది. అంతే, బొమ్మ ఆగిపోయింది, పేర్లు వచ్చాయి. మా ఇంట్లో ఆ వారమంతా అదే మాట. ఏమడుగుతుంది, ఏమడుగుతుంది అని. మళ్లీ ఆదివారం అందరం కూర్చున్నాం. అనివార్య కారణాల వల్ల ఈ సీరియల్ ప్రసారం కావడం లేదని చెప్పి, పొలాల మధ్య ఎవరో వీణ వాయిస్తున్నది చూపించారు. వచ్చే వారం వస్తుందనుకున్నాం. రాలేదు. ఆపై వారం ఇంకేదో పాటల కార్యక్రమం. జనం పల్చబడ్డారు. కరీం సాహెబ్ గారు వీధిలో కనిపిస్తే "ఏమ్మా, మన కేసు ఏమైంది?" అనేవారు, తర్వాత అదీ మానేశారు. నేనూ పెద్దమ్మా మాత్రం ఆ వేళకు టీవీ పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆఫీసు గది తెర ఆదివారాలు కూడా మళ్లీ ఎప్పటిలా దించేశారు.

"పెదనాన్నా, గడువు అయిపోతోంది" అన్నాను ఒకరోజు. "కేసు తేలలేదు కదమ్మా" అన్నారాయన, ఎంతో బాధగా. నిజంగానే బాధపడుతున్నారనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ ఒక పని చేసింది. మధ్యాహ్నం ఆయనకు వడ్డిస్తూ, టీవీలో రాని ఆ భాగాన్ని తనే చెప్పడం మొదలుపెట్టింది. హైమవతి బోను దగ్గరకు వెళ్లి నిలబడిందట. "అత్తయ్యగారూ, మీరు కాపురానికి వచ్చి ఇన్నేళ్లయింది. ఈ ఇంట్లో మీరు తలుపేసుకుని కూర్చునే గది ఏదో కోర్టువారికి చూపించగలరా?" అని అడిగిందట. అత్తగారు లేదని ఒప్పుకుని, ఏడ్చిందట. తనకు లేనిది ఇంకో ఆడదానికి దక్కనివ్వకపోవడం తప్పేనని అందట. పప్పు వడ్డించడం దగ్గర మొదలుపెట్టి, మజ్జిగ దాకా పెద్దమ్మ చెబుతూనే ఉంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆవిడ నా కోసం అంత పని చేస్తుందని అనుకోలేదు. పెదనాన్న తల ఊపుతూ తిన్నారు. "బ్రహ్మాండంగా చెప్పావే. నువ్వే రాయాల్సింది" అన్నారు. "అయితే గెలిచినట్టేగా?" అంది పెద్దమ్మ. "టీవీలో రాని తీర్పు ఎట్టా చెల్లుద్దే, పిచ్చిదానా" అని ఆప్యాయంగా అని, చెయ్యి కడుక్కుని కోర్టుకు వెళ్లిపోయారు. పెద్దమ్మ ఎంగిలి కంచం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రమే ఆయన మైలవరం కబురు పెట్టారు.

పెళ్లయింది. మా ఆయన చెడ్డవారు కాదు, ఎరువుల కొట్టూ, తోటా, ఇల్లూ తప్ప ఇంకేమీ తెలియని మనిషి. మైలవరంలో మా ఇంటి వెనక గదికి ఒకే కిటికీ, అందులోంచి యూరియా బస్తాల గోడౌను కనిపించేది. ఆ ఘాటు నా చీరెల మడతల్లోకి కూడా పట్టేది. మధ్యాహ్నం పూట వాకిట్లో ఎవరైనా పొలం తగాదా మాట్లాడుకుంటుంటే పని ఆపి వినేదాన్ని. ఇద్దరిలో న్యాయం ఎవరిదో తెలిసేది, చెప్పడానికి నన్ను ఎవరూ అడగరు. పిల్లల చదువులకని బెజవాడ వచ్చి ఈ ఫ్లాటులో పడ్డాం. నాకు సుఖం లేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. కానీ ఆదివారం ఆ వేళ అయ్యేసరికి ఇప్పటికీ మనసు చికాకుగా ఉంటుంది, ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు గవర్నర్‌పేట వెళితే పెదనాన్న ఇల్లు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల షాపు, పైన లాడ్జి. పెదనాన్న ఎప్పుడో పోయారు, పెద్దమ్మ నిరుడు పోయింది. నల్లకోటు మడిచి స్కూటీ డిక్కీలో పెట్టుకుని, హెల్మెట్ సర్దుకుంటూ ట్రాఫిక్‌లో కసురుకునే అమ్మాయిల్ని ప్రతి సిగ్నల్ దగ్గరా చూస్తాను. వాళ్లలో ఒక్కరికి కూడా ఏదో సీరియల్ అయ్యేదాకా ఆగమని ఎవరూ చెప్పి ఉండరు. వాళ్లను చూస్తే సంతోషమే. కుళ్లు కూడా. రెండూ ఉన్నాయని చెప్పుకోవడానికి ఈ వయసులో నాకేం సిగ్గు?

సుగుణగారు ఆ తర్వాత రెండు మూడుసార్లు కాఫీకి వచ్చారు. పోయిన వారం ఇక ఉండబట్టలేక అడిగేశాను, ఆ సీరియల్ ఎందుకు ఆపేశారని. ఆవిడ హాయిగా నవ్వారు. "నావల్లేనండీ. అది తీస్తుండగానే నాకు గుడివాడ సంబంధం కుదిరి పెళ్లయింది. లాయరు వేషం, గౌరవంగానే ఉంటుందిలే అని మా అత్తగారు మొదట ఒప్పుకున్నారు. ఏ వారానికావారం తీసేవాళ్లు. అత్తగారు బోనెక్కిన భాగం వచ్చిన మర్నాడు మా వీధిలోవాళ్లంతా మా అత్తగార్ని పట్టుకుని, వచ్చే వారం మీ కోడలు మిమ్మల్ని ఏమడుగుద్దండీ అని ఒకటే అడగటం. మా అత్తగారు నిజంగానే తననే బోనెక్కించినట్టు అయిపోయారు. నేను షూటింగుకని ఇంట్లోంచి కదిలితే ఒట్టేనన్నారు. టీవీవాళ్లతో మీరు వేరే అమ్మాయిని పెట్టుకోండి అంటే, జనం ఒప్పుకోరని వాళ్లు మొత్తం ఎత్తేశారు" అన్నారు. "మీకు బాధనిపించలేదా?" అన్నాను. "ఎందుకనిపించదండీ? ఆదివారం ఆ టైముకి టీవీ ముందు కూర్చుని, నా బదులు ఇంకెవర్నీ పెట్టకూడదు దేవుడా అని మొక్కుకునేదాన్ని. రాలేదని చూసి ప్రాణం లేచొచ్చేది." అదే వేళకు గవర్నర్‌పేటలో నేనూ పెద్దమ్మా కూర్చుని, అది రావాలని మొక్కుకుంటున్నామని ఆవిడకు చెప్పాలనిపించింది.

"ఇంతకీ హైమవతి బోనులో అత్తగార్ని ఏమడుగుతుందండీ?" అన్నాను. "అడగటం ఎక్కడ? ఆ భాగం కాగితాలు ముందే ఇచ్చారు, నేను బట్టీ కూడా పట్టేశాను" అని, కాఫీ గ్లాసు కింద పెట్టి, నడుం నిటారుగా చేసి, ఆ పాత గొంతుతో చెప్పేశారు. "అత్తయ్యా, ఈ కోటు ఇక్కడే విప్పేస్తున్నాను. కేసు వెనక్కి తీసుకుంటున్నాను. లాయరుగా కాదు, మీ కోడలిగా నన్ను క్షమించండి." చెప్పి మళ్లీ మామూలు గొంతుతో, "ఇక కాళ్ల మీద పడి ఏడవాలండీ. నాకు ఏడుపు బాగా వస్తుందని అట్టా రాశారంట. ఇదే మా అత్తగారికి చెబితే, ఆ కాళ్ల మీద పడేదేదో అసలు ప్రశ్న దాకా పోకుండానే పడొచ్చుగా అన్నారు" అని పడీపడీ నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్లూ నా కోపమంతా ఆగిపోయిన సీరియల్ మీదే పెట్టుకున్నాను. అది వచ్చి ఉంటే ఈ పాటికి గవర్నర్‌పేటలో నాకొక బోర్డు ఉండేదనుకున్నాను. ఆ కథ రాసినవాణ్ణి పెదనాన్న ఎరగరు. కానీ కోడలు అత్తగారి మీద గెలిచి, అదే ఇంట్లో కాపురం చేసే కథ టీవీలో వేయరని ఆయనకు మొదటి ఆదివారమే తెలిసి ఉంటుంది. అందుకే అంతమంది ముందు అంత ధీమాగా మాటిచ్చారు. తన కంచంలో వేపుడు నా వైపు తోసిన మనిషే. కేసు నడుస్తోందని ఆయనన్న రోజు నేను తెర వెనక దణ్ణం పెట్టుకున్నాను కూడా. లేచి కిటికీ దగ్గరకు వెళ్లాను.

"ఏమైందండీ? మీ ఇంట్లో కూడా ఎవరన్నా చూసేవాళ్లా అది?" అన్నారు సుగుణగారు, నవ్వు ఆపి.

"మా పెదనాన్న చూసేవారు" అన్నాను. "చాలా మంచి లాయరండీ. ఓడిపోయే కేసు జన్మలో పట్టుకోలేదు."